అరక వదిలి కెమెరా పట్టినవాడు

ఆస్కార్ మిషో 1884లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి బానిసగా పుట్టిన నల్లజాతివాడు. మిషో రైళ్లలో పోర్టరుగా కూడబెట్టిన డబ్బుతో దక్షిణ డకోటాలో భూమి కొని సేద్యం చేశాడు. ఆ పొలం చేజారింది. ఆ కష్టాలనే నవలలుగా రాసి, ఇంటింటికీ తిరిగి తనే అమ్మాడు.

ఒక నల్లవారి కంపెనీ 'ది హోమ్‌స్టెడర్' నవలను సినిమా తీస్తామంది. దర్శకత్వం తనకే కావాలన్నాడు మిషో. బేరం కుదరలేదు. తనకు తెలిసిన తెల్ల రైతులకే వాటాలమ్మి 1919లో ఆ చిత్రం పూర్తిచేశాడు! తర్వాత థియేటర్లవాళ్ల అడ్వాన్సులే పెట్టుబడి. 1928లో దివాలా తీసినా ఆగలేదు. 1951లో కన్నుమూసేనాటికి నలభై దాకా చిత్రాలు తీశాడు. వాటిలో చాలా ఇప్పుడు దొరకవు.

మిత్రులారా, విత్తనాలకు డబ్బుండి కోతకూలికి లేకపోతే పంట ఇంటికి రాదు. సినిమా అయినా అంతే గదా!