పదిన్నర పౌన్ల పడవ

ఈ సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాసిమ్మని మన విద్యార్థి సంఘం కార్యదర్శి నన్ను అడిగి మూడు వారాలైంది. ఇలాంటి సంచికల్లో దేశ నాయకుల గురించీ, శాస్త్రజ్ఞుల గురించీ వ్యాసాలుంటాయి. అవి ఉండవలసినవే. నేను మాత్రం చెప్పులు కుట్టుకు బతికిన ఒక మనిషి గురించి రాస్తానన్నాను. ఆయన రాజ్యాలు ఏలలేదు, యుద్ధాలు గెలవలేదు. చేసిందల్లా, తన వీపు మోయగలిగినంత బరువులోనే తనకొక చేపల వేట పడవ కావాలని పట్టుబట్టడం. ఇదీ ఒక జీవిత చరిత్రేనా అని మా గదిలో వాళ్ళు నవ్వారు. చదివాక మీరే చెప్పండి.

ఆయన అసలు పేరు జార్జ్ వాషింగ్టన్ సియర్స్. అమెరికాలో అడవులంటే, చేపల వేటంటే ప్రాణం పెట్టేవాళ్ళకు ఆయన నెస్మక్‌గానే తెలుసు. 1821 డిసెంబరు 2న మాసచూసెట్స్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. పదిమంది సంతానంలో ఈయన పెద్దవాడు. పెద్దకొడుకంటే మన ఇళ్ళల్లో ఎలాగో అక్కడా అలాగే. ఎనిమిదేళ్ళకే నూలు మిల్లులో పనికి పెట్టారు. మిల్లు లేని రోజు దొరికితే చాలు, కుర్రవాడు ఊరి పక్కనున్న సరస్సు ఒడ్డుకు పరుగెత్తేవాడు. అక్కడ నిప్మక్ తెగకు చెందిన ఒక ఆదివాసి ఉండేవాడు. పేరు నెస్మక్. అడవిబాతు అని ఆ మాటకు అర్థమట. నిప్పు రాజెయ్యడం, చేప పట్టడం, రాత్రికి ఆకుల పక్క వేసుకోవడం, చప్పుడు కాకుండా నడవడం, అన్నీ ఆ ఆదివాసే నేర్పాడు. పెద్దయ్యాక రచనలకు కలం పేరు కావలసివచ్చినప్పుడు సియర్స్ తన గురువు పేరే పెట్టుకున్నాడు. నాకు ఆయన మీద మొదటి గౌరవం ఇక్కడే కలిగింది.

పన్నెండేళ్ళకు సముద్రం మీద చేపల పడవల్లో చేరాడు. పందొమ్మిదేళ్ళకు తిమింగలాల వేట ఓడ ఎక్కి దక్షిణ పసిఫిక్ దాకా పోయి వచ్చాడు. 1848లో పెన్సిల్వేనియాలోని వెల్స్‌బరో అనే చిన్న ఊళ్ళో కాపురం పెట్టాడు. 1867లో ఒకసారి, 1870లో మరొకసారి బ్రెజిల్ వెళ్ళాడు. ధనవంతుడై తిరిగి రాలేదు. ఎక్కడికి పోయినా చివరికి వెల్స్‌బరోకు, చెప్పుల పీట దగ్గరకు రావలసిందే. మధ్యమధ్య పత్రికలకు వ్యాసాలు, పద్యాలు రాసేవాడు. ఇల్లు ఎలా గడిచేదో ఆయన ఇల్లాలికే తెలియాలి. ఇలాంటి మహానుభావుల చరిత్రల్లో ఇల్లాలి మాట ఎవరూ రాయరు, అది వేరే సంగతి.

అసలు కథ ఆయనకు ఏభై ఎనిమిదేళ్ళు వచ్చాక మొదలవుతుంది.

న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన అడిరాండాక్ అనే కొండల ప్రాంతం ఉంది. అక్కడ వేల కొద్దీ చెరువులు, సరస్సులు. ఒకదానికీ ఒకదానికీ మధ్య ఒకచోట చిన్న ఏరు, ఒకచోట బండరాళ్ళ జలపాతం, మరొకచోట మైలో రెండు మైళ్ళో ఉత్త నేల. నీళ్ళున్నంత మేరా పడవ మనల్ని మోస్తుంది. నేల వచ్చిందా, పడవను మనం మొయ్యాలి. అక్కడి వాళ్ళు ఇందుకోసం గైడ్‌బోటు అనే పడవ కట్టుకున్నారు. మంచి పడవే. బరువు మాత్రం ముప్పయి కిలోల దాకా ఉంటుంది. దాన్ని మోసి, తెడ్డు వేసి, వంట చేసి పెట్టడానికి ఒక గైడును కూలికి మాట్లాడుకోవాలి. న్యూయార్క్ నుంచి వచ్చే షావుకార్లు వెనుక దర్జాగా కూర్చుని గాలం వేసేవారు.

నెస్మక్ దగ్గర అంత డబ్బు లేదు. పోనీ తానే మోసుకుందామంటే ఒంట్లో శక్తి లేదు. మనిషి ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, బరువు ఏభై కిలోలు. పైగా క్షయ. దగ్గొస్తే కూలబడిపోయేవాడు. అలాంటివాడు ఇంటిపట్టున మంచం మీద ఉండాలని లోకం అంటుంది. ఆయన అలా ఆలోచించలేదు. నా ఒంటికి తగినట్టు పడవను తగ్గించవచ్చు గదా అనుకున్నాడు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పుకోవాలి. సాగర్ వెనుక జలాల ఒడ్డున ఉంది మా ఊరు. మా వాళ్ళంతా పుట్టి మీదే చేపలు పడతారు. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, అడుగున గుడ్డ కప్పి తారు పూస్తారే, ఆ పుట్టి. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కు పోయినప్పుడు పుట్టిని వీపున బోర్లించుకుని, తాబేలులా బురదలో చాలా దూరం నడవాలి. మా పెదనాన్న చేయి తిరిగిన వేటగాడు. క్షయ వచ్చి మందులు వాడాక జబ్బయితే నయమైంది గాని, పుట్టి ఎత్తే సత్తువ పోయింది. వల చుట్టి అటక మీద పెట్టేశాడు. ఆ తరువాత ఆయన బతికిన తొమ్మిదేళ్ళూ గట్టు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను చూస్తూ గడిపాడు. ఒక్క మనిషికి సరిపడే చిన్న పుట్టి ఒకటి కట్టిద్దామని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. మా లైబ్రరీలో నెస్మక్ గురించి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే కారణం ఇదే.

సరే, నెస్మక్ విషయానికి వద్దాం. న్యూయార్క్ రాష్ట్రంలోనే కాంటన్ అనే ఊళ్ళో జె. హెన్రీ రష్టన్ అనే పడవల కంసాలి ఉండేవాడు. కంసాలి అని ఎందుకన్నానంటే ఆయన పని అంత నాజూకు. పలచటి దేవదారు పలకలను పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి, లోపల సన్నని పక్కటెముకల్లాంటి బద్దలు దగ్గర దగ్గరగా బిగించేవాడు. పలక పలచనైనా అంచులు రెండేసి పొరలవడం వల్ల బలం వచ్చేది. నెస్మక్ ఈయనకు జాబు రాసి, తన ఒంటి బరువు చెప్పి, దానికి తగ్గ పడవ కట్టమన్నాడు. 1880లో వచ్చిన మొదటి పడవ పదడుగులది, తూకం పద్దెనిమిది పౌన్లకు రెండు మూడు ఔన్సులు తక్కువ. అంటే మన లెక్కలో ఎనిమిది కిలోలు. దానితో అడిరాండాక్ సరస్సుల్లో తిరిగాడు. 1881లో వచ్చిన రెండోదానికి సూసన్ నిప్పర్ అని పేరు పెట్టాడు. పదహారు పౌన్లు. అయినా ఆయనకు తృప్తి లేదు. ఇంకా తగ్గించమన్నాడు.

మూడోది 1883లో వచ్చింది. పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు ఇరవై ఆరంగుళాలు, మధ్యలో ఎత్తు ఆరంగుళాలు. బరువు పదిన్నర పౌన్లు! అయిదు కిలోలు కూడా లేదు. మన హాస్టలు మెస్సులో సాంబారు గంగాళం దీనికి రెండింతలు తూగుతుంది. రష్టన్ కూడా ఇదే ధోరణిలో హాస్యమాడాడట. ఇంతకంటే చిన్నది అడగొద్దని, పడవగా విసుగు పుడితే దీన్ని సూపు గిన్నెగా వాడుకోమని. నెస్మక్ దానికి సైరీ గ్యాంప్ అని పేరు పెట్టాడు. డికెన్స్ నవలలో ఒక తాగుబోతు నర్సు పేరు అది. ఆవిడ నీళ్ళు ముట్టదు, ఈ పడవా లోపలికి నీళ్ళు తీసుకోదు అని చమత్కారం.

ఏభై కిలోల మనిషి అయిదు కిలోల పడవలో కూర్చోవడం ఎంత సాహసమో నీళ్ళెరిగినవాళ్ళకు తెలుస్తుంది. కాలు సరిగ్గా నడిమధ్య మోపి ఎక్కాలి. అడుగునే చతికిలబడాలి. నిలబడి గాలం విసిరే ముచ్చటే లేదు. రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో అటొక పోటు, ఇటొక పోటు వేస్తూ పోవాలి. ఎస్కిమోల కయాక్ తెడ్డు అదే. గాలి లేస్తే పెద్ద సరస్సు నడుమకు పోరాదు. ఒడ్డు వెంటే పోవాలి, లేదా గాలి తగ్గేదాకా ఆగాలి. బరువు తగ్గించుకున్నవాడికి ఓపిక పెరగాలి సుమా! ఆ ఓపికే ఆయన దగ్గర ఉన్న ఆస్తి. ఆ వేసవిలో అరవై ఒక్కేళ్ళ రోగిష్ఠి మనిషి ఆ బొమ్మ పడవలో 266 మైళ్ళు తిరిగి, పడవకు దెబ్బ తగలకుండా వెనక్కు తెచ్చాడు.

పడవ ఒక్కటే తేలికైతే చాలదు. తక్కిన సామాను బరువైతే ఏం లాభం? పది అడుగుల పడవతో తిరిగిన రోజుల్లో పడవా, దుప్పటీ, మారు బట్టలూ, చిన్న గొడ్డలీ, గాలం బద్దా, సంచీ, రెండు రోజుల తిండీ అన్నీ కలిపి ఇరవై ఆరు పౌన్లు దాటలేదని ఆయన లెక్క చెప్పాడు. పన్నెండు కిలోలకు లోపే. ట్రౌట్ చేపలకు ఈక ఎర వేసేవాడు, అవసరమైతే కప్పనూ గాలానికి గుచ్చేవాడు. ఈక ఎర తప్ప మరొకటి వాడడం నామోషీ అనుకునే షోకిలా వేటగాళ్ళంటే ఆయనకు పడేది కాదు. కీటకాల బాధకు దేవదారు తారు, ఆముదం, పుదీనా జాతి ఆకు నూనె కలిపి కాచి ఒంటికి పూసుకునేవాడు. వాసన మాట ఎలా ఉన్నా దోమ దగ్గరకు వచ్చేది కాదట.

ఈ ప్రయాణాల సంగతులన్నీ ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్ అనే పత్రికకు ఉత్తరాలుగా రాశాడు. ఆ ఉత్తరాలు చదివి మామూలు గుమాస్తాలకు, పనివాళ్ళకు కూడా గైడు లేకుండా అడవికి పోవచ్చన్న ధైర్యం వచ్చింది. రష్టన్ తన కేటలాగులో నెస్మక్ పేరుతోనే పడవలు అమ్మాడు. 1884లో వుడ్‌క్రాఫ్ట్ అనే పుస్తకం వచ్చింది. నేటికీ అచ్చులో ఉంది. కలప కోసం, మిల్లుల కోసం ఆనకట్టలు కట్టి సరస్సుల మట్టం పెంచితే ఒడ్డు చెట్లన్నీ నీళ్ళలో నిలువునా చచ్చి మోళ్ళుగా నిలబడడం ఆయన చూశాడు, కోపంతో రాశాడు. 1885లో న్యూయార్క్ రాష్ట్రం ఆ అడవులను రక్షిత అడవిగా ప్రకటించింది. అది ఒక్క ఆయన వల్లనే జరిగిందని నేననను. గొంతెత్తిన కొద్దిమందిలో ఆయన ఒకడు.

ఇప్పుడు చేపల వేటకు పడవ కొనేవాళ్ళు ఏం చేస్తున్నారో పత్రికల్లో చూశాను. ప్లాస్టిక్ కయాక్‌లు, కుర్చీలు, గాలాలు నిలిపే గొట్టాలు, కాలితో తొక్కే యంత్రాలు. బరువు ముప్పయి నలభై కిలోలు. కారు మీదికి ఎత్తడానికే ఇద్దరు కావాలి. నిలబడి గాలం వెయ్యాలంటే, అలలున్న నీళ్ళలోకి పోవాలంటే అలాంటి వెడల్పు పడవే మేలు, కాదనను. ఎనభై కిలోల మనిషికి సైరీ గ్యాంప్ తగదు కూడా. కాని కొనేవాళ్ళు ముందు దుకాణంలో నీళ్ళ మీది సుఖం అడుగుతున్నారు. నెస్మక్ ముందు నేల మీది కష్టం లెక్కపెట్టాడు. ఇంటి నుంచి నీళ్ళ దాకా ఎవరు మోస్తారు, ఒంట్లో బాగోని రోజున కూడా మొయ్యగలరా అని. అడిరాండాక్ ప్రాంతంలో ఆయన పడవల కొలతలకు దగ్గరగా కెవ్లార్ అనే కృత్రిమ నారతో చిన్న పడవలు ఈనాటికీ కడుతున్నారు. వాటిలో చాలావాటి బరువు పది కిలోల లోపే.

సైరీ గ్యాంప్ తరువాత రష్టన్ మాట కాదని ఇంకా చిన్నది కట్టించుకున్నాడు మన పెద్దమనిషి. పది పౌన్లకు ఒక ఔన్సు తక్కువ. ఫ్లోరిడా వెళ్ళి అక్కడి వెచ్చని గాలిలోనూ కొంతకాలం గడిపాడు. 1887లో పద్యాల పుస్తకం వేశాడు. జబ్బు మాత్రం వదల్లేదు. 1890 మే 1న వెల్స్‌బరోలో కన్నుమూశాడు. అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. ఆ ఊరి దగ్గర ఒక సరస్సుకు, ఒక కొండకు ఆయన పేరు పెట్టారు.

సైరీ గ్యాంప్‌ను 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పెట్టారు. తరువాత అది స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది, అక్కడి నుంచి అడిరాండాక్‌లోని బ్లూ మౌంటెన్ లేక్ మ్యూజియానికి వెళ్ళింది. ఫొటోలో చూశాను. పలకలు చెక్కు చెదరలేదు. మా పెదనాన్న వల ఇంకా అటక మీదే ఉంది. ఈ వేసవి సెలవుల్లో వెదురు కోయించి, చిన్న పుట్టి ఒకటి అల్లించమని మా అన్నయ్యకు ఉత్తరం రాశాను. మా ఊళ్ళో దగ్గుతో ఇంట్లో కూర్చున్న వేటగాళ్ళు మరో ఇద్దరున్నారు.