రిటైరైన తరువాత మొదలైన ఉద్యోగం – గిడుగు రామమూర్తి పంతులుగారు

పదవీ విరమణ నాడు మెడలో పూలదండ వేసి, శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి మనల్ని ఇంటికి సాగనంపుతారు. అంతటితో మన పని అయిపోయిందని మనమూ అనుకుంటాం, ఇంట్లో వాళ్ళూ అనుకుంటారు. ఈ ప్రత్యేక సంచికలో నేను ఒక ఉపాధ్యాయుడి జీవితం గురించి రాయదలిచాను. ముప్పై ఏళ్ళ సర్వీసు చేసి 48వ ఏట ఉద్యోగం చాలించుకున్న ఆయనకు అసలు పని ఆ తరువాతనే పట్టుకుంది. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తల్లి వెంకమ్మగారు, తండ్రి వీర్రాజుగారు. తండ్రిది రెవెన్యూ వసూళ్ళ చిన్న ఉద్యోగం. చోడవరానికి బదిలీ అయిన తరువాత 1875లో విషజ్వరంతో అక్కడే కన్నుమూశారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్ళు. విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి.

మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతంమీద ఉపాధ్యాయుడిగా చేరారు. చరిత్ర పాఠం చెప్పేవారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆపైన 1896లో బి.ఏ. ప్యాసయ్యారు. శ్రీముఖలింగం ఆలయాల గోడలమీద ఉన్న శాసనాలు చదవాలన్న కోరిక కలిగితే, నేర్పే గురువు లేకపోయినా పాత లిపిని స్వయంగా కూడబలుక్కుని నేర్చుకున్నారు. ఏ మాట చెప్పినా ఆధారం చూపించి చెప్పే అలవాటు ఆయనకు ఆ రాళ్ళ దగ్గరే అబ్బిందని నా అభిప్రాయం.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. సంతకు వచ్చే సవరల మాట బజారులో ఎవరికీ తెలిసేది కాదు. ఆ రోజుల్లో ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, బడి అంతకన్నా లేదు. ఈ పిల్లలు తమ సొంత మాటలో చదువుకోవాలన్న ఊహ పంతులుగారికి కలిగింది. ఇటువంటి ఊహలు మనకూ వస్తుంటాయి. సాయంత్రం నలుగురితో చెప్పుకుని మర్నాటికి మరచిపోతుంటాం. ఆయన మరచిపోలేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని, ఒక్కొక్క మాటే అడిగి, రాసుకుని, తిరిగి పలికి సరిచూసుకుంటూ ఆ భాష నేర్చుకున్నారు. తెలుగులో లేని ధ్వనులు సవరలో ఉన్నాయి. వాటిని ఎలా రాయాలో తేల్చుకోవడమే పెద్ద పని. ఆ తరువాత వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే అది తనకు వద్దని, ఆ సొమ్మును సవరల చదువుకే వినియోగించమని కోరారు.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. భాష కోసం అడవుల్లో తిరిగినప్పుడు మలేరియా జ్వరం పట్టుకుంది. జ్వరానికి క్వినైను అతిగా పుచ్చుకోవలసి వచ్చి చెవుడు వచ్చింది. అది జీవితాంతం వదలలేదు. మనుషుల నోటి మాట వినడమే పనిగా పెట్టుకున్నవాడికి వినికిడి పోయిందంటే ఎంత కష్టమో చెవుల మిషను వాడుతున్న మన పెన్షనరు మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. అయినా పని ఆగలేదు. కుమారుడు సీతాపతిగారు ఆయనకు తోడుగా నిలిచారు. ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోనూ అచ్చువేసింది. నిఘంటువు వెలువడేనాటికి పంతులుగారికి 75 ఏళ్ళు.

ఇక తెలుగు సంగతి. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చిన జె.ఏ. యేట్సు అనే దొరకు ఒక సందేహం కలిగింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు మరొకటి, ఎందుకిలాగ? ఈ ప్రశ్న గురజాడవారి దగ్గరకు, పంతులుగారి దగ్గరకు, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి దగ్గరకు చేరింది. అప్పటికే సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పి ఫలితం చూసినవారు పంతులుగారు. తెలుగు పిల్లలకు మాత్రం ఆ న్యాయం ఎందుకు వర్తించకూడదన్న ఆలోచన ఆయనకు స్థిరపడింది.

1911లో ఉద్యోగం విడిచిపెట్టి పూర్తి కాలం ఈ పనిలోకి దిగారు. పరీక్షల్లో విద్యార్థులు వ్యావహారికంలోనూ వ్యాసం రాయవచ్చునని మొదట అనుమతి వచ్చింది. జయంతి రామయ్య పంతులుగారు, వేదం వెంకటరాయశాస్త్రిగారు వంటి పెద్దలు గట్టిగా వ్యతిరేకించారు. మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలిసింది. ఊరూరా సభలు, వినతిపత్రాలు. అనుమతి ఎంతోకాలం నిలవలేదు. 1915 నవంబరులో గురజాడవారు కాలం చేశారు. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షత వహించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు కూడా అదే సంవత్సరం మే నెలలో పరమపదించారు. పంతులుగారు నడిపిన ‘తెలుగు’ అనే మాసపత్రిక ఏడాదితోనే ఆగిపోయింది. మరొకరైతే ఇక చాలుననుకునేవారు.

ఆయన మళ్ళీ ఆధారాల వేటకు బయలుదేరారు. శాసనాలు, తాళపత్రాలు, పాత వచన గ్రంథాలు వెదికి, మన పూర్వులు వచనం రాసినప్పుడు తమ కాలపు వాడుక మాటలే రాశారని ఉదాహరణలతో నిరూపించారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల్లోనే వ్యాకరణానికి నిలవని ప్రయోగాలను ఏరి చూపించారు. బాలకవి శరణ్యం, గద్య చింతామణి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం ఇలా పుట్టిన పుస్తకాలే. పుస్తకాల మూటతో సభకు వెళ్ళి పుట తెరిచి చూపించేవారు. 1925లో తణుకులో నాలుగు గంటలసేపు మాట్లాడి సభను ఒప్పించారు. వ్యతిరేకించిన వారు తన మనుషులు కారన్న భావం ఆయనకు లేదు. వాదం మాటతోనే, మనిషితో కాదు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ప్రాంతాన్ని అటు కలపడం ఆయనకు సమ్మతం కాలేదు. యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు విడిచి, 72 ఏళ్ళ వయసులో రాజమహేంద్రవరం చేరుకున్నారు. రావుబహద్దూరు బిరుదు 1913లో, కైజర్-ఇ-హింద్ పతకం 1934లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి కళాప్రపూర్ణ 1938లో వచ్చాయి. 1940 జనవరిలో మద్రాసులో పత్రికా సంపాదకులను కలిసి, వాడుక భాషలో రాయమని చివరి విన్నపం చేశారు. ఆ తరువాత వారం రోజులకే, జనవరి 22న కన్నుమూశారు.

ఆయన కోరుకున్నది ఆయన పూర్తిగా చూడలేదు. కాని పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావుగారి వంటివారు వ్యావహారికాన్ని పత్రికల్లోకి తెచ్చారు. క్రమంగా మిగతా పత్రికలూ, పాఠ్యపుస్తకాలూ మారాయి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

గుమాస్తాగా జీవితమంతా కాగితాల మధ్య గడిపిన నాకు ఆయన గొప్పతనం మరో విధంగా తెలుసు. ఆఫీసుల్లో తెలుగు వాడాలని 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. భూమి శిస్తు నోటీసు చేతపట్టుకుని వచ్చే రైతు, అందులో ఏముందో చదివి చెప్పమని ఎవరినీ బతిమాలుకోనక్కరలేని రోజు రావాలి. నోటీసు అతని మాటలో ఉంటేనే అది సాధ్యం. పంతులుగారి పోరాటం పండితుల గొడవ కాదు, ఆ రైతు గౌరవానికి సంబంధించినది.

ఒక మంచి ఊహ కలగడం దైవికం కావచ్చు. దాన్ని నిజం చేయడం మాత్రం రోజువారీ చాకిరీ. వినాలి, రాసుకోవాలి, చేసి చూడాలి, కుదరకపోతే దిద్దుకోవాలి, ఎదురుదెబ్బ తగిలితే మరో దారి వెదకాలి. రామమూర్తి పంతులుగారు ఉద్యోగం విడిచాక 29 ఏళ్ళు చేసింది ఇదే. మన సంఘ సభ్యుల్లో ఎందరికో ఊరి చరిత్ర తెలుసు, పాత పాటలు తెలుసు, వృత్తుల మాటలు తెలుసు. అవి మనతోనే పోకూడదు. ఒక నోటు పుస్తకం కొని, రోజుకు ఒక పేజీ మన మాటల్లోనే రాసిపెడితే మనుమలకు మిగులుతుంది. అందుకు ఏ ఉత్తర్వూ అక్కరలేదు, ఎవరి సంతకమూ అవసరం లేదు.