డాక్టర్ కెగెల్: కత్తికి ముందు కండరం

నారాయణపేటలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పొద్దంతా చీర నేసే మహిళైనా, నడుం వంచి నాట్లేసే కూలీ తల్లైనా కొన్ని బాధలు ఇంట్లో కూడా చెప్పుకోరు. దగ్గినా, తుమ్మినా, నిండు బిందె ఎత్తినా నాలుగు చుక్కల మూత్రం జారిపోవడం అలాంటిదే. కాన్పులయ్యాక అది మామూలేనని అత్త సర్దిచెబుతుంది. గర్భసంచి తీయించుకుంటే పీడ పోతుందని పక్కింటామె సలహా ఇస్తుంది. ఈ రెండింటికీ నడుమ మూడో దారి ఉందని 1948లోనే చూపించిన వైద్యుడు డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్. కెగెల్ వ్యాయామాల పేరు చాలామంది విన్నదే. కానీ ఆయన చెప్పిన పాఠంలో సగమే మన దాకా వచ్చింది.

ఆపరేషన్ తర్వాత పుట్టిన అనుమానం

కెగెల్ 1894లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, లాన్సింగ్‌లో పుట్టారు. గైనకాలజిస్టుగా లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడి, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆ రోజుల్లో మూత్రం జారే సమస్యకు ఎక్కువగా ఆపరేషనే మందు. అయితే కుట్లు వేసి పంపిన మహిళల్లో కొందరు కొంతకాలానికి అదే బాధతో తిరిగి వచ్చేవారు. లోపం కుట్లలో లేదని, కటి భాగం అడుగునున్న కండరాల్లో ఉందని ఆయనకు అర్థమైంది.

జఘనాస్థి నుంచి వెన్ను చివరి ఎముక దాకా ఊయలలా పరుచుకున్న కండరాలివి. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం వీటి మీదే ఆనుకుని ఉంటాయి. కాన్పులో ఇవి బాగా సాగుతాయి. తర్వాత వాటికి పని చెప్పకపోతే బలహీనపడతాయి. కట్టు కట్టిన చెయ్యి సన్నబడితే కసరత్తుతో మళ్లీ బలం తెస్తాం కదా, ఈ కండరానికి మాత్రం ఎందుకు తేకూడదన్నది ఆయన ఆలోచన.

వేలితో నేర్పిన పాఠం

కంటికి కనిపించని కండరాన్ని బిగించమంటే ఎవరికైనా కష్టమే. కొందరు పొట్ట లోపలికి లాగుతారు, కొందరు పిరుదులు బిగిస్తారు, మరికొందరు కిందికి ముక్కుతారు. అందుకే కెగెల్ యోని పరీక్ష చేస్తూ, వేలి చుట్టూ బిగించమని చెప్పి, ఏ కండరం కదులుతోందో స్వయంగా తెలుసుకునేవారు. ఇది పూర్తిగా కొత్త సంగతేమీ కాదు. దక్షిణాఫ్రికాలో ఒక తెగ మంత్రసానులు బాలింతలకు ఇలాగే వేళ్ల సాయంతో కండరాలు బిగించడం నేర్పేవారన్న విషయాన్ని ఆయన తన రచనల్లో ప్రస్తావించారు.

ఇంటి దగ్గర సాధన కోసం పెరినియోమీటర్ అనే పరికరం తయారు చేశారు. యోనిలో అమర్చుకునే చిన్న రబ్బరు గొట్టానికి ఒత్తిడి చూపే మీటరు కలిపి ఉంటుంది. సరిగ్గా బిగిస్తే ముల్లు కదులుతుంది. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు సాధన చేయమనేవారు. 1948లో ఈ పద్ధతిని అమెరికా ప్రసూతి వైద్య పత్రికలో ప్రచురించారు. ఆయన చెప్పినంత గొప్ప ఫలితాలు తర్వాతి అధ్యయనాల్లో అందరికీ రాలేదు. అయినా దగ్గినప్పుడు మూత్రం జారే సమస్యకు తొలి చికిత్స ఈ వ్యాయామమేనన్నది నేటికీ నిలిచిన మాట. 1972లో కెగెల్ కన్నుమూశారు.

మనం వదిలేసిన సగం

ఆ తర్వాత వ్యాయామం కాగితాల మీద ప్రపంచమంతా తిరిగింది కానీ, పరీక్షించి నేర్పే చెయ్యి వెనకబడింది. 1991లో అమెరికాలో 47 మంది మహిళలకు నోటిమాటతో నేర్పి చూస్తే సగం మందే సరిగ్గా చేయగలిగారు. నాలుగో వంతు మంది చేసిన తీరు సమస్యను పెంచేలా ఉంది. అందుకే బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు ముందు వేలితో పరీక్షించి, కండరం సరిగ్గా బిగుస్తోందని తేల్చుకోమంటాయి. ఆ తర్వాత రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపుల చొప్పున మూడు నెలలు పర్యవేక్షణలో చేయిస్తారు.

గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. గర్భసంచి తీసేసినంత మాత్రాన వదులైన కండరానికి బలం రాదు. మూత్రం జారడం ఒక్కటే బాధైతే, ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు కండరాల పరీక్ష చేయించారా అని అడగడం మీ హక్కు.

మన ఇళ్లలో బాలింతకు నూనెతో ఒళ్లు మర్దన చేసి, నడుముకు గుడ్డ కడతారు. మృదువైన మర్దన నడుముకు, కాళ్లకు హాయినిస్తుంది. అయితే పైనుంచి రుద్దితే ఈ లోపలి కండరానికి బలం రాదు. పొత్తికడుపును గట్టిగా నొక్కడం, గుడ్డ బిగించి కట్టడం మంచిది కాదు. ఆ ఒత్తిడి కింది కండరాల మీదే పడుతుంది. సిజేరియన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా పొట్ట మర్దన చేయించుకోవద్దు.

ఇవి గుర్తుంచుకోండి

• మూత్రాన్ని మధ్యలో ఆపడం రోజూ చేసే వ్యాయామం కాకూడదు.

• బిగించినంతసేపు వదలడమూ ముఖ్యమే. కొందరిలో ఈ కండరాలు ఇప్పటికే బిగుసుకుని ఉంటాయి. కలయికలో నొప్పి, కటి భాగంలో విడవని నొప్పి ఉంటే బిగింపు వ్యాయామాలు సొంతంగా మొదలుపెట్టొద్దు. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు చేతి చికిత్సతో వాటిని వదులు చేస్తారు.

• లోపలి పరీక్ష మీ అనుమతితోనే, గ్లవ్స్ వేసుకున్న అర్హులే చేయాలి. తోడుగా ఒక మహిళ ఉండాలని కోరవచ్చు. ఎప్పుడైనా ఆపమనవచ్చు.

• మూత్రంలో రక్తం, జ్వరంతో మంట, యోని దగ్గర గడ్డలా చేతికి తగలడం ఉంటే ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టును కలవాలి.

కెగెల్ తన దగ్గరికి వచ్చిన మహిళలను ముందు అడిగి, పరీక్షించి, తర్వాతే చికిత్స నిర్ణయించారు. మన దగ్గర ఆ అడగడం ఇంట్లోనే మొదలుకావచ్చు. కాన్పైన కోడలినో, నడివయసు తల్లినో ఒక్కసారి కదిపి చూడండి. ఏళ్ల తరబడి దాచుకున్న బాధ బయటికి రావచ్చు.