తన తప్పులను తానే లెక్కించిన శస్త్రవైద్యుడు

ఉదయం శస్త్రచికిత్స చేయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరే డే కేర్ కేంద్రాలలో రోగి వైద్యుని కళ్లెదుట ఉండేది కొన్ని గంటలే. ఆపై అతనికి ఏమైందో ఆరా తీసే బాధ్యత ఎవరిది? శతాబ్దం క్రితమే ఆసుపత్రులను ఈ ప్రశ్న అడిగి, పదవులు పోగొట్టుకున్న వైద్యుడు ఎర్నెస్ట్ ఆమొరీ కాడ్‌మన్.

1869లో అమెరికాలోని బోస్టన్‌లో జన్మించిన కాడ్‌మన్ హార్వర్డ్‌లో వైద్యవిద్య అభ్యసించారు. మత్తు ఎవరు బాగా ఇస్తారని సహాధ్యాయి హార్వీ కుషింగ్‌తో పందెం కాసి, రోగుల నాడి వేగాన్ని పట్టికలో నమోదు చేయసాగారు.

మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఆయన ప్రతిపాదించినది వినడానికి సామాన్యమే. ప్రతి రోగికీ ఒక కార్డు ఉండాలి. వ్యాధి, చికిత్సలతో పాటు ఏడాది తరువాతి ఫలితాన్నీ అందులో రాయాలి. ఫలితం బాగులేకుంటే లోపం వైద్యునిదా, పరికరానిదా, వ్యాధి తీవ్రతదా అన్నది తేల్చాలి. అనుభవ క్రమాన్ని బట్టే పదోన్నతులిచ్చే పద్ధతిని నిరసిస్తూ 1914లో రాజీనామా చేశారు. వెనువెంటనే, తన ఫలితాలే అందరికన్నా మిన్న గనుక ప్రధాన శస్త్రవైద్యుని పదవి తనకే ఇవ్వాలని దరఖాస్తు పెట్టారు. వినయం ఆయన సుగుణాలలో ఒకటి కాదు.

అయితే సొంత లోపాలనూ ఆయన దాచలేదు. 1911 నుంచి 1916 వరకు తన చిన్న ఆసుపత్రిలో చికిత్స పొందిన 337 మంది విషయంలో 123 పొరపాట్లు దొర్లాయని స్వయంగా అచ్చువేసి ప్రకటించారు. 1915లో వైద్యుల సభలో ఒక వ్యంగ్యచిత్రాన్ని ఆవిష్కరించారు. ఇసుకలో తల దూర్చిన నిప్పుకోడి బంగారు గుడ్లు పెడుతుంటే వైద్యులు ఏరుకుంటున్న దృశ్యమది. నిప్పుకోడి నగరంలోని సంపన్న రోగులకు సంకేతం. దాంతో స్థానిక వైద్య సంఘంలో ఆయన అధ్యక్ష పదవి పోయింది.

ఆలోచన మాత్రం నిలిచింది. కాడ్‌మన్ ప్రోద్బలంతో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఆసుపత్రుల ప్రమాణాలపై దృష్టి పెట్టింది. 100, అంతకు మించి పడకలున్న 692 ఆసుపత్రులను పరిశీలించగా కనీస ప్రమాణాలు అందుకున్నవి 89 మాత్రమే. పేరున్న ఆసుపత్రులూ తప్పడంతో 1919లో న్యూయార్క్‌లోని ఒక హోటల్లో ఆ జాబితాను తగులబెట్టారు. ఆ తనిఖీల బాధ్యతే తరువాత 1951లో ఏర్పడిన జాయింట్ కమిషన్‌కు సంక్రమించింది. మన దేశంలో 2005లో ఏర్పడిన ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలలోనూ రోగి హక్కులకు ప్రత్యేక అధ్యాయముంది. సమ్మతి, ఖర్చుల వివరం, ఫిర్యాదు చేసే మార్గం అందులోని అంశాలే.

కాడ్‌మన్ 1940లో కన్నుమూశారు. మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో ఆయన సమాధిపై పేరు చెక్కిన రాయి 2014 వరకు లేదు.