శ్రీ చంద్రశేఖర వేంకట రామన్ గారు - సముద్రపు నీలిమ

మన గరివిడి ప్రాంతమువారిలో భీమునిపట్టణమునకో విశాఖపట్టణమునకో పోయి సముద్రస్నానము చేయనివారు అరుదు. దోసిట పట్టిన నీటికి లేని నీలవర్ణము సముద్రమున కెట్లు వచ్చెనని విచారించినవారు మిక్కిలి అరుదు. అట్లు విచారించి లోకప్రసిద్ధి గాంచిన మహనీయుడు బాల్యమున ఈ తీరముననే పెరుగుట మన కెల్లరకు గర్వకారణము.

రామన్ గారు 1888 వ సంవత్సరము నవంబరు 7 వ తేదీన తిరుచినాపల్లి చెంత జన్మించిరి. 1892లో తండ్రిగారు విశాఖపట్టణమున శ్రీమతి ఏ. వి. ఎన్. కళాశాలలో ఉపన్యాసకులగుటచే కుటుంబ మచ్చటికి చేరెను. రామన్ గారు పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులై, పిమ్మట చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి. ఏ., 1907లో ఎం. ఏ. పట్టముల నందిరి. దేహదార్ఢ్యము చాలదని వైద్యుడు చెప్పుటచే సీమచదువు తప్పిపోయెను. అంతట ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగము స్వీకరించి కలకత్తాకు పోయిరి.

అచ్చట మహేంద్రలాల్ సర్కారు గారు దాతల విరాళములతో 1876లో స్థాపించిన విజ్ఞానసంస్థ యుండెను. అందలి ప్రయోగశాలకు విజయనగర మహారాజావారు ధన మొసంగుటచే దానికి విజయనగర ప్రయోగశాల యను పేరు గలిగెను. పగలు కచేరీపని, ఉదయ సాయంకాలములు ఆ సంస్థలో పరిశోధన. రామన్ గారి దినచర్య ఇట్లుండెను. 1917లో అధికవేతనమును వదలుకొని విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిని గైకొనిరి.

1921లో సీమకు పోయి నర్కుండా ఓడపై మరలి వచ్చుచు మధ్యధరాసముద్రపు గాఢనీలిమను గాంచిరి. సూర్యకాంతిని గాలియణువులు చెదరగొట్టుననియు, తరంగదైర్ఘ్యము తక్కువగు నీలకాంతి ఎరుపుకంటె మిక్కుటముగ చెదరుటచే ఆకసము నీలముగ తోచుననియు రేలీ ప్రభువు అంతకుముందే నిరూపించెను. సముద్రపు నీలిమ మాత్రము ఆకసపు ప్రతిబింబమే యని ఆయన మతము. రామన్ గారు నికల్ పట్టకముతో ప్రతిబింబకాంతిని తొలగించి చూడగా నీలిమ మాయమగుటకు మారు మరింత గాఢమయ్యెను. నీటియణువులును కాంతిని చెదరగొట్టునని 1922లో ప్రకటించిరి. నీరు ఎరుపుకాంతిని హరించుటయు సముద్రనీలిమకు ప్రధానకారణమని నేడు తెలిసియున్నది.

ఆ విచారణయే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితమునకును, 1930లో నోబెల్ బహుమానమునకును దారితీసెను. 1954లో భారతరత్న బిరుదము నందిన ఆ మహాశయులు 1970 నవంబరు 21న బెంగుళూరున దివంగతులైరి.

సోదరులారా! రామన్ గారు కలకత్తా చేరుటకు పెక్కేండ్లకు ముందే విజయనగరపు దాన మచ్చట వారికై వేచియుండెను. తన విరాళ మెవ్వరికి ఉపకరించునో దాత యెరుగడు; అయినను ఒసంగెను. మన బిడ్డలు సముద్రమును చూపి ప్రశ్నించినపుడు గద్దింపక, వారి చదువునకు చేయూతనిచ్చుటయే ఈ చరితము మనకు నేర్పు ధర్మము.