కామెట్ రహస్యాన్ని ఛేదించిన సర్ ఆర్నాల్డ్ హాల్

విమానయాన చరిత్రలో వాహనాలను నిర్మించినవారి పేర్లు అనేకం వినబడతాయి. అవి ఎందుకు కూలిపోయాయో తేల్చినవారిని స్మరించేవారు అరుదు. అట్టి విస్మృత మహనీయులలో సర్ ఆర్నాల్డ్ హాల్ అగ్రగణ్యుడు.

ఆయన 1915లో ఇంగ్లాండులోని లివర్‌పూల్ నగరంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో విద్యాభ్యాసం ముగించి, 1938లో ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో ప్రవేశించారు. కొంతకాలం లండన్ ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యులుగా పనిచేసి, 1951లో ముప్పై ఆరవ ఏట అదే ఫార్న్‌బరో సంస్థకు అధిపతి అయ్యారు.

1952లో బ్రిటన్ ప్రవేశపెట్టిన కామెట్, ప్రపంచంలో తొలి జెట్ ప్రయాణీకుల విమానం. 1954 జనవరి 10న రోమ్ నుండి బయలుదేరిన కామెట్ ఎల్బా ద్వీపం సమీపాన సముద్రంలో కూలింది. 35 మంది మరణించారు. అగ్నిప్రమాదం కావచ్చునని ఊహించి, కొన్ని మార్పులు చేసి విమానాలను మరల నడిపారు. ఏప్రిల్ 8న నేపుల్స్ సమీపాన మరొకటి కూలి 21 మంది అసువులు బాశారు. ఊహపై ఆధారపడిన నిర్ణయానికి చెల్లించిన మూల్యమది! అప్పుడు ప్రభుత్వం పరిశోధన భారాన్ని హాల్‌పై ఉంచింది.

ఆయన ఏ ఒక్క ఊహనూ ముందుగా నమ్మలేదు. నౌకాదళం సముద్రగర్భం నుండి వెలికితీసిన శకలాలను చట్రంపై యథాస్థానాలలో అమర్చారు. తోకభాగంలో చిక్కుకొన్న తివాచీ ముక్క, రెక్కపై అంటుకొన్న క్యాబిన్ రంగు, ముందుగా బ్రద్దలయినది క్యాబినే అని సాక్ష్యమిచ్చాయి. మృతుల ఊపిరితిత్తులు గాలిపీడనం హఠాత్తుగా తగ్గినందువల్ల దెబ్బతిన్నట్లు వైద్యులు గుర్తించారు.

మరొక కామెట్‌ను బ్రహ్మాండమైన నీటితొట్టిలో ఉంచి, ప్రతి ప్రయాణంలోనూ క్యాబిన్‌పై పడే పీడనాన్ని నీటితో కల్పించి తొలగిస్తూ వచ్చారు. గాలి వాడితే క్యాబిన్ పేలి ఆధారాలు ఛిన్నాభిన్నమవుతాయి. నీరు అట్లు విస్తరించదు. సుమారు 3,060 ప్రయాణాలకు సమానమైన శ్రమ అనంతరం కిటికీ మూలవద్ద లోహం చీలిపోయింది. ఎల్బా శకలాలలో, పైకప్పుపై రేడియో ఏరియల్ కొరకు అమర్చిన కిటికీ మూలన కూడా అదే లోహపు అలసట కనబడింది. పదేపదే కలిగిన ఒత్తిడి సూక్ష్మమైన పగులును పెంచి, విమానాన్ని బ్రద్దలు చేసిందన్నమాట.

ఈ సత్యం స్వదేశ పరిశ్రమకు తీవ్రనష్టం కలిగించేదే. అయినను హాల్ దానిని దాచక, 1954 అక్టోబరులో లార్డ్ కోహెన్ అధ్యక్షతన జరిగిన బహిరంగ విచారణలో నిలిపారు. తదుపరి విమానాల నిర్మాణానికి, పరీక్షలకు ఆ పాఠం ప్రపంచమంతటా మార్గదర్శకమయింది. 1954లోనే ఆయనకు సర్ బిరుదు లభించింది. 2000 సంవత్సరంలో ఆయన కీర్తిశేషులయ్యారు.

విద్యార్థులారా! తొందరపడి చెప్పిన కారణం రెండవ ప్రమాదాన్ని ఆపలేకపోయింది. ఓర్పుతో వెదకిన కారణం అసంఖ్యాక ప్రాణాలను కాపాడింది. ప్రయోగశాలలోనైనా, జీవితంలోనైనా మనం గ్రహింపదగిన నీతి ఇదే.