మన విద్యకు బాట వేసిన ఇవానోవ్

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసి పంపమని కార్యదర్శిగారు కోరారు. పశువులకు ఎద సూదులు వేసి వేసి మన చేతులు కాయలు కాశాయి గాని, ఈ విద్యకు బాట వేసినవారి పేరు సర్వీసు సగం గడిచేదాకా నాకే తెలియదు.

ఇల్యా ఇవానొవిచ్ ఇవానోవ్ 1870లో రష్యాలో జన్మించారు. 1896లో ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కొంతకాలం చదివారు. 1901లో గుర్రాలకు ప్రపంచంలోనే మొదటి కృత్రిమ గర్భధారణ కేంద్రం నెలకొల్పారు. మేలుజాతి మగగుర్రం సహజంగా ఒక సీజనులో 20, 30 ఆడగుర్రాలను దాటితే గొప్ప. అదే గుర్రం వీర్యంతో 500 దాకా చూడి కట్టించవచ్చని ఆయన చూపారు. అప్పటికి కృత్రిమ యోని లేదు. ఆడగుర్రం యోనిలో శుభ్రమైన స్పాంజి ఉంచి, దాటిన తర్వాత తీసి పిండేవారు. గర్భం నిలవడానికి కావలసింది వీర్యకణమేననీ, ఇతర గ్రంథుల ద్రవాలు తప్పనిసరి కావనీ నిరూపించారు. వేడికీ చలికీ మందునీళ్లకూ ఆ కణం ఎలా లోనవుతుందో ఓపికగా పరీక్షించారు.

ఆ ఓపిక విలువ నాకు నంద్యాలలో తెలిసింది. ఒక చలికాలం ఉదయం జట్కా సాయిబు తన మగగుర్రాన్ని తెచ్చాడు. మూడు ఆడగుర్రాలకు దాటించినా నిలవలేదట. దిగేటప్పుడు కారిన చుక్కను గాజుపలక మీద పట్టి మైక్రోస్కోపులో చూశాను. కదలిక లేదు. విత్తులు కొట్టించమని చెప్పేశాను. సాయిబు ముఖం వాడిపోయింది. పలక చల్లగా ఉందేమోనని మా పెద్ద కాంపౌండరు మెల్లగా అన్నాడు. మర్నాడు వెచ్చజేసిన పలక మీద చూస్తే కణాలు చేపపిల్లల్లా ఈదుతున్నాయి! తర్వాత ఆరా తీస్తే, ఎద మొదటిరోజే ఒక్కసారి దాటించి వదిలేస్తున్నారని తేలింది. ఆడగుర్రం ఎద 5 నుంచి 7 రోజులు ఉంటుంది, అండం చివర్లో గాని విడుదల కాదు. నేను ఆళ్లగడ్డకు బదిలీ అయ్యాక, రెండు చూడి కట్టాయని సాయిబు కబురు పంపాడు.

ఇవానోవ్ చివరి రోజులు బాధాకరం. 1927లో పశ్చిమ ఆఫ్రికాలో మూడు చింపాంజీలకు మనిషి వీర్యంతో గర్భం కట్టించబోయి విఫలులయ్యారు. ఆ పని నాకు ఎన్నటికీ మింగుడుపడదు. 1930 డిసెంబరులో ఆయనను అరెస్టు చేసి ఆల్మా ఆటాకు ప్రవాసం పంపారు. 1932 మార్చిలో అక్కడే కన్నుమూశారు. మరో ఏడేళ్లకు, 1939లో, మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ గారి చేతుల మీదుగా ఈ విద్య మన దేశపు పశువులకు అందింది.